పొగ రసీదు

అడవిలో నిప్పు ముట్టిస్తే జరిమానా.
రసీదు పుస్తకం ఎప్పుడూ నా జేబులోనే,
కార్బన్ కాగితంతో సహా.
ఈ కిర్గిజ్ కొండల్లో, అక్రోటు చెట్ల నడుమ
పదకొండేళ్ళుగా కాపలా తిరుగుతున్నాను.
గుర్రం కూడా సర్కారుదే.

ఆ ఏడు మంచు మార్చిలోనే కరిగి
వాగు పట్టుకుని వెళ్ళిపోయింది.
చెట్లు తొందరపడ్డాయి.
గొంగళిపురుగుల్లా వేలాడే పూత
నెల ముందే కొమ్మకొమ్మకీ దిగింది.
ఏప్రిల్ ఇరవై మూడు రాత్రి,
మరిచిపోయిన గొడుగు కోసం తిరిగొచ్చిన చుట్టంలా
చలి మళ్ళీ కొండ దిగింది.

గట్టు మీంచి చూస్తే
జూరకాన్ అవ్వ వాటాలో పొగ.
ఒక చోట కాదు, తొమ్మిది చోట్ల.
గుర్రాన్ని అదిలించాను.

పిడకల మీద తడి గడ్డి కప్పుతోంది అవ్వ.
మంట లేవకూడదు, పొగ ఆగకూడదు.
పసిపిల్లకి సాంబ్రాణి వేసే ఒద్దిక.
"రాసుకో," అంది తలెత్తకుండానే,
"పేరు నీకు తెలుసు.
నేరం ఏమని రాస్తావో అది మాత్రం చదివి వినిపించు."

పెన్ను తీశాను. చలికి సిరా కదల్లేదు.
నిజం చెప్పాలంటే
నేను విదిలించి చూడలేదు.

ఈ అవ్వే, కిందటి శీతాకాలం ముందు,
ఓష్ నుంచి బేరగాడు వచ్చినప్పుడు
చెట్టుకి వీపు ఆనించి రెండు రోజులు కూర్చుంది.
మొదట్లో ఉబ్బిన బుడిపె కావాలి అతనికి.
ఏ దేశంలోనో కార్ల లోపల నున్నటి పలకలవుతుందట.
రెండు పంటల డబ్బు ఒక్క బుడిపెకి.
అది కోసిన చెట్టు వెంటనే పడదు,
ఆకులు వేస్తూ వేస్తూ నిలబడే చస్తుంది.
అల్లుడు ఎసెన్‌బెక్ సరేనన్నాడు కూడా.
బేరగాడు నాకూ ఒక కవరు చాపాడు.
తీసుకోలేదని చెప్పగలను.
తీసుకోవాలనిపించలేదని చెప్పలేను.

గుర్రాన్ని కట్టేసి గోనె అందుకున్నాను.
పట్నం నుంచి వచ్చినవాళ్ళు
గోడ మీద ఎర్ర గీత వేసి చూపించారు ఒకసారి,
ఎండ ఎంత పెరిగిందో, ఇంకెంత పెరుగుతుందో.
తల ఊపి టీ తాగి వచ్చాం.
ఇప్పుడు అవ్వ ఒక పూగుత్తి తెంపి
వేళ్ళ మధ్య నలిపి నా అరచేతిలో పెట్టింది.
నల్లగా, కాలిన దారంలా.
నిప్పు తాకకుండానే కాలింది.

తెల్లవారుజామున గాలి తిరిగింది.
రాత్రంతా మేం పోగుచేసిన పొగ
మా మాట వినకుండా లేచి
పక్కనున్న ముకద్దస్ వాటా మీద
మెత్తగా పరుచుకుంది.
అవ్వ నడుం పట్టుకుని నిలబడి చూసింది, చూసి నవ్వింది.
"పొగకి సరిహద్దులు నేర్పడం
నీ ఉద్యోగం కాదేమిటి?"

సెప్టెంబరులో అవ్వకి దక్కినవి రెండున్నర బస్తాలు.
ముకద్దస్‌కి ఏడు.
ఒక బస్తా అవ్వ గుమ్మంలో దించి
ముకద్దస్ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.
తొక్క తీసిన మరకలతో
ఇద్దరి చేతులూ ఒకే నలుపు.

పై లోయలో ఒక చెట్టుంది.
ఊరంతా సోమరి చెట్టంటారు.
అన్నీ చిగిర్చిన మూడు వారాలకి కళ్ళు తెరుస్తుంది.
ఆ రాత్రి చలి దాన్ని వెతికి
ఏమీ దొరక్క వెళ్ళిపోయింది.

దాని కాయలు పద్నాలుగు
అవ్వ నా జేబులో పోసింది.
"తినకు," అంది.
కాపుకి రావడానికి పన్నెండేళ్ళు.
నా ఉద్యోగం ఇంకా ఏడేళ్ళే.
అవ్వ లెక్క నేను అడగలేదు.

గట్టెక్కుతుంటే
రసీదు పుస్తకానికి తగిలి
గలగలమంటున్నాయి.